చిత్తూరు కంప్యూటర్లో నీళ్ళ లెక్క

కంప్యూటరు చదువు ముగించి పని వెతుక్కుంటున్న రోజుల్లో, తిరుపతిలో భూగర్భశాస్త్రం చెప్పే ఒక సారు దగ్గర నాకు సహాయకురాలి ఉద్యోగం దొరికింది. నేను ఒక చోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. కంప్యూటరు ఒక లెక్క ముగించడానికి అరనిమిషం తీసుకున్నా, ఆ అరనిమిషమూ కుర్చీలో ఉండలేక వరండాలోకి పోయి వచ్చేదాన్ని. "నువ్వు కూర్చుంటే కదమ్మా ఆ కుర్చీకి పని" అని సారు నవ్వేవారు. ఆయన నాకు పూర్తిగా వ్యతిరేకం. ఒక గీత గీయాలన్నా పెన్సిలు చెక్కుకుని, చేతులు తుడుచుకుని మొదలుపెట్టేవారు.

ఆయన ఏళ్ళ తరబడి ఒక ప్రోగ్రాం రాసుకున్నారు. నేలలో ఎంత లోతున ఏముందో తవ్వకుండా అంచనా వేసే ప్రోగ్రాం. చేలో నాలుగు ఇనుప కడ్డీలు వరుసగా దిగ్గొట్టి, బ్యాటరీతో నేలలోకి కరెంటు పంపి, మట్టి దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తారు. కడ్డీల మధ్య దూరం పెంచేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు పోతుంది. ఆ కొలతలన్నీ ప్రోగ్రాంకి ఇస్తే, పైన ఇంత మందం మట్టి, కింద ఇంత గరుసు అనే పొడిరాయి, దాని కింద కటిక రాయి అని పొరలు పొరలుగా చెబుతుంది. నీళ్ళుండేది గరుసులోనూ రాతి పగుళ్ళలోనూ. కటిక రాయిలో ఏమీ ఉండదు.

అవి వరసగా వానలు తప్పిన ఏళ్ళు. చిత్తూరు చుట్టుపక్కల ఏ దారిన పోయినా చేలల్లో బోరుబండి వేసిన తెల్లటి రాతిదుమ్ము కుప్పలు కనిపించేవి. చిత్తూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ రైతుల చేలల్లో ఈ కడ్డీల సర్వే చేయించేది. ఆ పని చూసే ఆయన నలభై ఏళ్ళ మనిషి, గుడిపాల వైపు వాడు, సగం తమిళం కలిసిన తెలుగు. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని. కొలతలు తీసుకుని ఆయన బస్సెక్కి తిరుపతి వచ్చేవాడు. సారు తీరిక చూసుకుని వాటిని యూనిక్స్ అనే వ్యవస్థతో నడిచే తమ యంత్రంలో వేసేవారు. జవాబు తీసుకోవడానికి ఆ అన్న మళ్ళీ రావాలి.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, మీ లెక్క మంచిదే. కానీ అది నా సేతికొచ్చేలోపల బోరుబండి వచ్చేస్తా ఉండాది. రైతు ఆగడు సార్. మొన్న బంగారుపాళెం కాడ ఒకాయనకి 'ఈడ వద్దప్పా' అని చెప్పేదానికి పోతే, అప్పటికే ఆడ బండి నిలబడి దుమ్ము లేపతా ఉండాది."

"ఏం చేయమంటావయ్యా మరి?" అన్నారు సారు.

"మా ఆఫీసులో కంప్యూటర్ ఉండాది కదా. ఈ ప్రోగ్రాం దాంట్లోనే పెట్టేస్తే పోలా?"

"మీది విండోస్. ఇది యూనిక్స్ కోసం రాసింది. దీన్ని తీసుకుపోయి దాంట్లో పెడితే నడవదు."

"అదేమో నాకు తెల్దు సార్. రెండూ కంప్యూటర్లే కదా."

ఆయన వెళ్ళిపోయాక సారు తన పనిలో పడ్డారు. నాకు మాత్రం ఆ మాట తలలోంచి పోలేదు. మాది ఐరాల పక్కన పల్లె. మా నాయన వేయించిన బోర్లు మూడూ ఎండిపోయి, వాటి మూతుల మీద బండరాళ్ళు పెట్టి ఉన్నాయి. ఆ సంగతి నేను సారుకి గానీ ఆ అన్నకి గానీ చెప్పలేదు. "నేను చూస్తాను సార్" అన్నాను అంతే. "చూడమ్మా, నీకెట్లాగూ చేతులు ఊరుకోవు" అన్నారాయన.

మనిషి రాసిన ప్రోగ్రాంని యంత్రం నడపగలిగే ఫైలుగా మార్చేదాన్ని కంపైలర్ అంటారు. విండోస్‌కి తగిన కంపైలర్ మా దగ్గర లేదు. అయితే ఒక కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలో, యూనిక్స్ పరికరాలను విండోస్ మీద నడిపించే సరంజామా ఒకటి దొరికింది. సారు గదిలో ఉన్న పాత విండోస్ కంప్యూటర్లో ఎక్కించి తెరిస్తే, నల్లటి కిటికీ వచ్చి అందులో యూనిక్స్‌లో ఉండే డాలరు గుర్తు మిణుకుమిణుకుమంది. యూనిక్స్‌లో కొట్టే ఆదేశాలే ఇక్కడా కొట్టాను. ఆ సరంజామాలో ఉన్న జీసీసీ అనే కంపైలర్ సారు రాసిన ఒక్కో ఫైలునూ నమిలి మింగింది. ఒక్క తప్పూ పట్టలేదు. చివర విండోస్ నడపగలిగే ఎక్సీ ఫైలు ఒకటి తయారైంది. నడిపితే నడిచింది. పాత కొలతలు ఇస్తే పాత జవాబులే వచ్చాయి.

నేను ఆ సంతోషాన్ని అక్కడ కూర్చుని అనుభవించలేదు. ఫ్లాపీలో ఎక్కించుకుని, సారుకి ఒక మాట చెప్పి, నేరుగా బస్టాండుకి పోయి చిత్తూరు బస్సెక్కాను. పూతలపట్టు దాటేదాకా ఫ్లాపీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూనే ఉన్నాను.

ఆఫీసులో బెంచీ మీద ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. అన్న వాళ్ళకి నన్ను చూపించి, "ఇదిగో, తిరుపతి నుంచి మన లెక్కని తెచ్చింది ఈ పాపే" అన్నాడు. నేను ఫ్లాపీ పెట్టి ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఫలానా ఫైలు కనబడలేదు కాబట్టి ఈ ప్రోగ్రాం మొదలు కాదు అని. ఆ ఫైలు పేరు నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే పెట్టె.

"ఏమంటాది?" అన్నాడు అన్న.

"ఏదో ఫైలు కావాలంటోంది అన్నా."

"ఆ ఫైలు యాడ ఉండాది?"

"తిరుపతిలో."

బెంచీ మీది రైతుల్లో పెద్దాయన లేచి కండువా దులుపుకుని, "సరేలేప్పా, మేము మళ్ళా వస్తాము" అని రెండో ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. 

తిరిగొచ్చి వెతికితే సంగతి అర్థమైంది. నేను తయారు చేసింది పైకి విండోస్ ప్రోగ్రామే కానీ, లోపల అది ఇంకా యూనిక్స్‌లోనే ఉన్నాననుకుంటోంది. అది అడిగే ప్రతిదాన్నీ విండోస్ భాషలోకి మార్చి చెప్పడానికి మధ్యలో ఒక పెద్ద ఫైలు ఉండాలి. నా కంప్యూటర్లో ఆ సరంజామాతో పాటే ఆ ఫైలూ వచ్చి కూర్చుంది కాబట్టి నాకు తెలియలేదు. సరే, దాన్ని కూడా ఇంకో ఫ్లాపీలో పట్టుకుపోయాను. ఈసారి నల్లకిటికీ తెరుచుకుని, రెప్పపాటులో మాయమైపోయింది. అదే పేరుతో ఒక పాత ఫైలు వేరే ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఆ కంప్యూటర్లోకి ముందే వచ్చి ఉంది. పాతదానికీ కొత్తదానికీ పడలేదు.

"ఇట్లయితే కుదరదమ్మా" అన్నారు సారు. ఆయన కోపంగా అనలేదు. "ఎక్కడికి పోతే అక్కడ దుబాసీని కూడా తీసుకుపోవాలంటే ఎట్లా? ఆ ప్రోగ్రాం తనంతట తాను విండోస్‌తో మాట్లాడగలగాలి. అట్లా అయ్యే మార్గం ఉంటే చూడు, లేకపోతే వదిలెయ్."

ఆ ఆదివారం ఊరికి పోయాను. మా అమ్మ పెరట్లో చింతపండు దంచుతోంది. నాయన వసారాలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి, ఎన్నడూ లేనిది, ముఖమంతా నవ్వుతో, "మన చేన్లో కడ్డీలు కొట్టించినా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎవరు కొట్టారు నాయనా?"

"చిత్తూరాయన. ఆ మీసాలాయన. నేనే పొయ్యి ఆఫీసులో అడిగినా. రెండు జాగాల్లో కొలిసినాడు. చింతమాను కాడ ఒకటి, వంక పక్కన ఒకటి. నువ్వు పనిజేసే లెక్కే కదా అది?"

"అదే. నా పేరు చెప్పినావా?"

"ఎందుకు చెప్తా? నీ పేరు చెప్తే ఊరికే నీళ్ళు ఉండాయి అంటాడేమోనని చెప్పలా."

అమ్మ రోకలి ఆపి, "నీళ్ళు చూసేదానికి టెంకాయ పట్టేవాళ్ళు వద్దు, బొట్టు పెట్టి తిరిగేవాళ్ళు వద్దు, మా పాప కంప్యూటరే చెప్పాల అని కూర్చున్నాడు మీ నాయన. అంతా ఆ చింతమాను కాడే నీళ్ళు ఉండాయి అంటా ఉండారు" అంది.

"బండి ఎప్పుడు వస్తుంది?" అన్నాను.

"ఈ వారంలోనే. తమిళం బండి. మన వరస తప్పితే మళ్ళా ఎన్ని దినాలకో."

అన్నం తింటున్నంతసేపూ నాయన చింతమాను దగ్గర నీళ్ళు పడితే ఏమేం వేయాలో చెబుతూనే ఉన్నాడు. చెరుకు వద్దట, నీళ్ళు ఎక్కువ తాగుతుందట. టమాట వేస్తాడట. నేను ఊఁ కొడుతూ ఉన్నాను. మేము చేసే లెక్క ఇంకా చిత్తూరులో నడవడమే లేదని నాయనకి ఎట్లా చెప్పడం? సారు ఆ వారం సమావేశాలకి తిరుగుతూ ఉన్నారు, ఆయన లేనిదే యూనిక్స్ యంత్రం తెరవడానికి అప్పట్లో నాకు వీల్లేదు. యూనిక్స్ యంత్రం దగ్గరికి కొలతలు వచ్చి, ఆయన చూసి, జవాబు మళ్ళీ చిత్తూరు పోయేలోపు బండి మా చేలో నిలబడుతుంది. రాత్రికి ఉండమన్నా ఉండకుండా సాయంత్రం బస్సుకే తిరుపతి వచ్చేశాను.

మరునాడు పొద్దున్నే రైల్వేస్టేషన్ దగ్గర బ్రౌజింగ్ సెంటర్ తలుపు తీయకముందే అక్కడ నిలబడ్డాను. కొండ దిగి వచ్చిన గుండ్లవాళ్ళు రైలుకి పరుగెడుతున్నారు. సెంటర్ తెరిచాక వెతగ్గా వెతగ్గా ఒక చోట నాకు కావలసింది కనిపించింది. అదీ జీసీసీ కంపైలరే. కానీ దాన్ని తయారు చేసినవాళ్ళు మధ్యలో దుబాసీని పెట్టలేదు. ఆదేశాలు యూనిక్స్ పద్ధతిలోనే ఇస్తాం. తయారయ్యే ఫైలు మాత్రం ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ ముందునుంచీ ఉండే భాగాలతోనే పని జరుపుకుంటుంది. వేరే ఏ ఫైలూ వెంట అక్కర్లేదు.

దాన్ని దించుకోవడం ఒక యుద్ధం. సగం దాకా వచ్చి ఫోను లైను తెగిపోయేది. మళ్ళీ మొదటినుంచి. నేను కుర్చీలోంచి లేచి రోడ్డు మీదికి పోయి, టీ తాగి, వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉండేది. సెంటర్ నడిపే ఆయన, "ఏం మేడం, మీరు అట్ల తిరిగితే అది వేగంగా వస్తాదా?" అన్నాడు. చివరికి దాన్ని ముక్కలు చేసి ఫ్లాపీల్లోకి ఎక్కించుకున్నాను. గదికి పోయి చూస్తే ఒక ఫ్లాపీ చెడిపోయి ఉంది. ఎండలో మళ్ళీ స్టేషన్ దాకా పోయి, ఆ ఒక్క ముక్కా తెచ్చుకున్నాను.

ఇక కంపైల్ చేయడం మొదలుపెడితే, మొదటి సరంజామా నోరెత్తకుండా మింగిన ప్రోగ్రాంనే ఇది తప్పుల మీద తప్పులు పడుతూ తిప్పికొట్టింది. యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాం తనను తానే రెండుగా చేసుకోగలదు. సారు ఆ సదుపాయం వాడుకుని, ఒకటి లెక్క చేస్తూ ఉంటే రెండోది ఆ కొలతల గీతను తెర మీద గీసేట్టు రాసుకున్నారు. విండోస్‌కి ఆ విద్య లేదు. ఆ భాగం తీసేస్తే తప్ప ముందుకు పోదు. అది సారు రాసింది. ఆయన్ను అడగకుండా చెయ్యి పెట్టలేను.

మధ్యాహ్నం ఆయన ఒక సమావేశం ముగించుకుని గదికి రాగానే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెర దగ్గరికి వంగి, ఆ భాగాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. నేను కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతున్నాను.

"ఇది రాసినప్పుడు మా పెద్దోడు ఇంకా నడవడం నేర్వలేదు" అన్నారు చివరికి. "ఆ యంత్రం వచ్చిన కొత్త. ఇది పని చేసినప్పుడు ఇంటికి పోయి మా ఆమెకు చెబితే, 'గీతేనా?' అంది."

"పోనీ వేరే దారి ఏమన్నా చూద్దామా సార్?"

"ఎందుకు? రైతుకు గీతతో పనేముంది? పొరలు చెప్పు చాలు. తీసెయ్యమ్మా." ఆయనే కుర్చీలో కూర్చుని, ఆ వరుసలను ఒక్కొక్కటే తుడిచేశారు. ఆ తర్వాత కొంచెంసేపు కీబోర్డు మీద చేతులు అట్లాగే ఉంచారు. నాకు తొందరగా ఉన్నా లేవమని అనలేకపోయాను.

అది పోయాక ఇంకా కొన్ని చిల్లర తప్పులు మిగిలాయి. అవన్నీ సర్దుకుంటూ పోతే మరుసటి రోజు పొద్దునకి ఎక్సీ ఫైలు తయారైంది. చాలా చిన్నది. ఫ్లాపీలో సగం కూడా నిండలేదు. పక్క విభాగంలో, ఈ సరంజామా ఏదీ లేని కంప్యూటర్లో పెట్టి నొక్కాను. తెరుచుకుంది. కొలతలు అడిగింది. దుబాసీ లేడు, ఏ పెట్టే రాలేదు. ఇక ఒక్క క్షణం ఆగలేదు. పాత కొలతలు వేసి జవాబు సరిచూడాలన్న ఆలోచన కూడా బస్సు చంద్రగిరి దాటాకగానీ రాలేదు. మంచికో ఏమో, కంపైలర్ ముక్కలూ సారు రాసిన ప్రోగ్రామూ ఉన్న ఫ్లాపీలన్నీ సంచీలోనే పడేసుకున్నాను.

చిత్తూరు ఆఫీసులో అన్న ఒక్కడే ఉన్నాడు. నేను ఊరి పేరు చెప్పి, "ఐరాల పక్కన చింతమాను కాడ కొలిసినావు కదన్నా, అది ముందు వేద్దాం" అన్నాను.

"అదెట్ల తెలుసు నీకు?"

"ఆయన మా నాయన."

ఆయన నన్ను తేరిపార చూసి, "ఆ పెద్దాయన ఒక్క మాట చెప్పలేదే!" అంటూ కొలతలు తీశాడు. ఆయన చదువుతుంటే నేను కొట్టాను. ప్రోగ్రాం లెక్క వేసి జవాబు చూపించింది. మొదటి పొర మందం మైనస్ సున్నా. రెండో పొర మందం మైనస్ గుర్తు పెట్టుకుని, తెర ఈ చివర నుంచి ఆ చివరిదాకా గూడ్సు బండిలా సాగిన అంకె. మూడోదీ మైనసే.

అన్న మీసం దువ్వుకుంటూ చూశాడు. "ఏంది పాపా ఇది? నేల కింద ఉండాల్సిన రాయి ఆకాశంలోకి పోయినట్టుండాదే!"

నేను లేచి ఆఫీసు వెనక బెల్లం మండీ దాకా నడిచి, మళ్ళీ వచ్చాను. మూడు చోట్లా మైనస్ రావడమే నన్ను ఆపింది. లెక్క తప్పయితే కొన్ని తప్పి కొన్ని నిలబడాలి. అన్నీ ఒకే తీరుగా చెడ్డాయంటే చెడింది వేరే ఏదో. లెక్క కాకపోతే మిగిలింది ఒక్కటే, లెక్కని తెర మీద రాసే భాగం.

అన్న అనుమతితో ఆ కంప్యూటర్లోనే కంపైలర్ ముక్కలన్నీ కలిపి పెట్టుకున్నాను. సారు కచ్చితత్వం కోసం అంకెలన్నిటినీ లాంగ్ డబుల్ అనే పొడవాటి రకంలో దాచారు. ఒక్క అంకెను మాత్రం మామూలు పొడవుకి తగ్గించి రాయమని మార్చి, మళ్ళీ కంపైల్ చేసి నడిపాను. ఆ ఒక్క చోట మైనస్ పోయి, రెండు మీటర్ల చిల్లర అని వచ్చింది. మిగతావన్నీ పాత తీరునే ఉన్నాయి.

అంతే సంగతి. కంపైలర్ పొడవాటి అంకెను పొడవుగానే అందిస్తోంది. దాన్ని తెర మీద రాయాల్సింది విండోస్‌లో ముందునుంచీ ఉన్న భాగం. దానికి ఆ పొడవు తెలీదు. అందులో కొంత ముక్క మాత్రమే తీసుకుని, అదే మొత్తం అంకె అనుకుని రాసేస్తోంది. లోపల లెక్కంతా సరిగ్గానే ఉంది. రాసే చోటల్లా పొడవు తగ్గించి ఇస్తే చాలు. ప్రోగ్రాం పొడుగునా వెతుక్కుంటూ అన్నీ మార్చాను. మధ్యలో కరెంటు పోయింది. అన్న జనరేటరు ఉన్న పక్క దుకాణం నుంచి తీగ లాక్కొచ్చాడు.

ఈసారి రెండు జాగాల జవాబులూ పద్ధతిగా వచ్చాయి. అయినా నాకు నమ్మకం చాల్లేదు. ఎదురుగా ఎస్టీడీ బూత్ నుంచి సారుకి ఫోను చేశాను. అదృష్టం కొద్దీ ఆయన గదిలోనే ఉన్నారు. కొలతలన్నీ చదివాను. ఆయన రాసుకుని, యూనిక్స్‌లో వేసి, మళ్ళీ లైన్లోకి వచ్చారు.

"నీ జవాబు ముందు చెప్పు" అన్నారు.

చెప్పాను.

"సరిపోయిందమ్మా. చుక్క తర్వాత రెండంకెల దాకా సరిపోయింది." తర్వాత, "ఎవరి చేను ఇది?" అన్నారు.

"మా నాయనది సార్."

ఆయన ఫోను పెట్టేసే ముందు, "జాగ్రత్తగా చెప్పు" అన్నారు.

ఎందుకంటే అంకెలు సరిపోయాయి కానీ మంచివి కావు. చింతమాను దగ్గర పైన కొంచెం మట్టి, దాని కింద పలచగా గరుసు, ఆ తర్వాత మా కొలతలు పోయినంత లోతు దాకా కటిక రాయే. వంక పక్కన గరుసు కొంచెం మందంగా ఉంది, అయితే అది బోరుకి చాలేది కాదు. అన్న రెండు జవాబులూ చూసి తల ఊపాడు. "నేనొస్తా, నేనే చెప్తా. నువ్వెందుకు చెప్పాల?" అన్నాడు. వద్దన్నాను. ఐరాల బస్సెక్కాను.

నేను పోయేసరికి నాయన చేను గట్టు మీదే ఉన్నాడు. బోరుబండికి దారి కోసం కంప అడ్డం తీసి పక్కన పడేస్తున్నాడు. నేను ఆ వేళప్పుడు రావడం చూసే ఆయనకు తెలిసిపోయి ఉండాలి. కొడవలి కింద పెట్టాడు.

"లేదా?" అన్నాడు.

"లేదు నాయనా. చింతమాను కాడ అంతా రాయే."

"వంక కాడ?"

"కొంచెం గరుసు ఉంది. బోరుకి రాదు. సారు కూడా చూసినారు, రెండు కంప్యూటర్లూ అదే చెప్పినాయి."

"ఇంగ యాడన్నా?"

"కొలిసింది ఆ రెండు జాగాలే కదా."

ఆయన చింతమాను వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, "నువ్వు అన్నం తిన్న్యావా?" అన్నాడు.

మరునాడు పొద్దున బండి వచ్చింది. నాయన రోడ్డు మీదికి ఎదురుపోయి, డ్రైవరుతో తమిళంలో ఏదో చెప్పాడు. డ్రైవరు రెట్టించి అడిగాడు. నాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. బండి మా చేను ముందునుంచి ముక్కుతూ ముందుకు పోయింది. అడ్డం తీసిన కంప అట్లాగే పక్కన పడి ఉంది.

అది ఊరికే పోలేదు. మా పక్క చేనాయన మా వరస తను తీసుకుని తన పొలంలో బోరు వేయించాడు. ఆయన ఏ సర్వే చేయించలేదు. మధ్యాహ్నానికి నీళ్ళు పడ్డాయి. రెండించుల నీళ్ళు అని ఊరంతా చెప్పుకున్నారు. ఆడవాళ్ళు బిందెలతో పోయి చూసి వచ్చారు. అమ్మ మాత్రం పొయ్యి దగ్గరే కూర్చుంది. నాయన కూడా పోయి చూశాడు. వచ్చి, "నీళ్ళు బాగుండాయి. తియ్యగా ఉండాయి" అన్నాడు.

ఆ తర్వాత నాకు చాలాకాలం మనశ్శాంతి లేదు. తిరుపతిలో ఆ కొలతలు మళ్ళీ మళ్ళీ వేసేదాన్ని. యూనిక్స్‌లో వేసేదాన్ని, విండోస్‌లో వేసేదాన్ని, కంపైలర్‌కి ఇచ్చే ఆదేశాలు మార్చి మళ్ళీ తయారు చేసి వేసేదాన్ని. ఎన్నిసార్లు వేసినా రాయే. అడిగితే అన్న, "రెండు చేన్ల నడుమ నల్లరాతి గోడ ఉంటాది పాపా, నేల లోపల. ఆ పక్క పగులు ఉంటాది, ఈ పక్క ఉండదు. సూసినా నేను అట్లాంటివి" అన్నాడు. సారు కూడా అదే అన్నారు. వాళ్ళిద్దరూ నన్ను ఓదార్చడానికి అంటున్నారో, నిజంగానే అంటున్నారో తెలిసేది కాదు. ఉంది అని చెప్పిన చోట తవ్వితే మన లెక్క ఒప్పో తప్పో తేలిపోతుంది. లేదు అని చెప్పిన చోట ఎవరూ తవ్వరు. ఇక తేలేదెట్లా?

పక్క చేనాయన బోరు కొన్నేళ్ళు బాగానే పోసింది. తర్వాత సన్నబడింది. ఆ సన్నబడటాన్ని నా లెక్క వైపు సాక్ష్యంగా వాడుకోవాలని ఒకటి రెండుసార్లు మనసు లాగింది. అది న్యాయం కాదు. ఆయనది వేరే చేను.

ప్రోగ్రాం మాత్రం చిత్తూరులో నిలబడిపోయింది. ఆఫీసులో కంప్యూటరు మారింది, విండోస్ మారింది, ఆ చిన్న ఫైలు కొత్తదాంట్లోకి ఎక్కిస్తే చాలు, నడిచేది. కొలిచిన రోజు సాయంత్రానికే రైతు చేతికి జవాబు అందేది. కొందరు విని ఆగేవారు. కొందరు విని కూడా తవ్వేవారు. నాయన మాత్రం ఇక బోరు మాట ఎత్తలేదు. చేను వాన మీదికి వదిలేసి శెనిక్కాయ వేశాడు. ఊరికే ఇంట్లో కూర్చునే మనిషి కాడు. నా తిరుగుడంతా ఆయన దగ్గరి నుంచే వచ్చిందని అమ్మ అంటుంది. ఒకరోజు చిత్తూరు పోయి, "నాకేమన్నా పని ఉండాదా అప్పా?" అని ఆ అన్నను అడిగాడట. అప్పటినుంచి సర్వే జట్టుతో పాటు ఊళ్ళు తిరుగుతూ కడ్డీలు దిగ్గొట్టేవాడు, తీగలు చుట్టేవాడు. తవ్వొద్దని లెక్క చెబితే రైతుని పక్కకి తీసుకుపోయి తన చేను సంగతి చెప్పేవాడని అన్న నాతో అన్నాడు. ఏమని చెప్పేవాడో మాత్రం అన్నకీ తెలీదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక పొద్దున, ఊళ్ళో, టీ తాగుతూ నాయన్ను అడిగేశాను.

"నాయనా, ఆ చింతమాను కాడ నీళ్ళు ఉన్నాయేమో అని ఎప్పుడన్నా అనిపించిందా నీకు?"

ఆయన గ్లాసు కింద పెట్టి ఆలోచించాడు. "అనిపిస్తాది. అనిపించకుండా ఎట్లుంటాది? ఉన్నా ఉండొచ్చు, లేకపోనూ వచ్చు."

"మరి నన్ను ఒక్క మాట కూడా అనలేదే?"

"నువ్వు బస్సెక్కి వచ్చి చెప్తివి కదా. ఆ మొకం సూసినాక ఇంగేమనాల?" అంటూ లేచాడు. "రేపు పలమనేరు పక్క పోవాల. ఆ బ్యాటరీ ఛార్జింగుకి పెట్టినారో లేదో సూసి వస్తా."

చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేను టీ గ్లాసు చేతిలో పట్టుకునే, వసారాలో ఆ కొస నుంచి ఈ కొసకి తిరుగుతూ ఉండిపోయాను.